ప్రెస్సుకెళ్ళిన మేనమామ

ఆ రోజు పొద్దున రామకాంత్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. టిఫిన్ వేళకల్లా కారు ముందు చక్రానికి కొత్త బేరింగ్ బిగించేస్తాడు. తలంటి పోసుకుని, పట్టుపంచె కట్టుకుని, భార్య బిందుమాధవిని ఎక్కించుకుని చిలకలూరిపేటలో బయల్దేరితే భోజనాల వేళకు వినుకొండలో ఉంటాడు. సాయంత్రం గోధూళి వేళ మేనకోడలు ఆశ్రిత పెళ్ళి. పెళ్ళికూతుర్ని ఇంటి దగ్గర్నుంచి తన కారులో కల్యాణమండపానికి తీసుకెళ్ళి, బుట్టలో కూర్చోబెట్టి, మేనమామ హోదాలో ఎత్తుకుని పీటల దగ్గరికి చేర్చాలి. ఆశ్రిత పలక పట్టుకుని బడికెళ్ళే రోజుల్లో ఎవరి పెళ్ళిలోనో ఆ బుట్ట చూసి, "నన్ను నువ్వే ఎత్తాలి మామయ్యా, ఇంకెవరూ ముట్టుకోకూడదు" అని చేతిలో చెయ్యి వేయించుకుంది. పిల్ల మర్చిపోయిందేమో గానీ మామయ్య మర్చిపోలేదు. ఆ బుట్ట కోసమే మూడు నెలలుగా పొద్దున్నే డంబెల్సు ఎత్తుతున్నాడు పాపం!

బుట్టతోపాటు ఇంకో పని కూడా ఉంది. బావ త్రినాథ్‌ని పక్కకు పిలిచి, "తప్పయిపోయింది బావా" అనాలి.

త్రినాథ్‌కు వినుకొండలో విత్తనాల, పురుగుమందుల షాపు ఉంది. పోయిన ఏడు అతను అమ్మిన ఒక రకం మిరప విత్తనం మొలిచింది, ఏపుగా ఎదిగింది, పూత కూడా పూసింది. కాయ మాత్రం పట్టలేదు. రైతులు షాపు ముందు గొడవ చేశారు, కంపెనీని అడగమని త్రినాథ్ చేతులు దులుపుకున్నాడు. అదలా చల్లారిపోయేదే. కానీ నిశ్చితార్థం నాడు అందరూ భోజనాల దగ్గర ఉండగా త్రినాథ్ బామ్మర్దిని ఆటపట్టించాడు. "ఒరేయ్, నీ డొక్కు కారులో నా కూతుర్ని ఎక్కించుకుంటావా? ఆ గూఁ అనే చప్పుడుకి పెళ్ళివారు లేచి పారిపోతార్రా!" అన్నాడు. అందరూ నవ్వారు. రామకాంత్‌కు ఒళ్ళు మండింది. "నా కారు చప్పుడుకి కాదు బావా, నీ విత్తనాల సంగతి ప్రెస్సుకెక్కితే అప్పుడు లేస్తారు పెళ్ళివారు" అనేశాడు. నవ్వులు ఆగిపోయాయి. అక్క శేషారత్నం చేతిలో నేతిగిన్నె అలాగే ఉండిపోయింది. మాట నోట్లోంచి జారిన మరుక్షణమే రామకాంత్ నాలుక కరుచుకున్నాడు గానీ ఏం లాభం? ఆ రోజు నుంచి బావ ఫోనులో ఊఁ, ఆఁ తప్ప మాట్లాడలేదు.

ఇక కారు సంగతి. మెకానిక్ బుడాన్ చక్రం పైకి లేపి, తిప్పి, చెవి పెట్టి విన్నాడు. "బేరింగ్ అరిగింది సార్. చప్పుడే గానీ ఈ ఒక్క ప్రయాణానికి ఏం కాదు. పెళ్ళికి పోయి రండి, వచ్చాక నేనే మారుస్తా" అన్నాడు. ఆ మాట విని ఉంటే చెప్పుకోవడానికి మనకేమీ ఉండేది కాదు. కానీ ఆ చప్పుడుతో బావ గుమ్మం ముందు దిగడమా! రామకాంత్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. వేడికి ఇనుము సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది అని ఏటా పిల్లలకు చెప్పేవాడు, ఒక బేరింగ్ బిగించలేడా? వీడియోల్లో అందరూ బిగిస్తున్నారు. బేరింగ్‌ని రాత్రంతా ఫ్రిజ్ పై అరలో పెట్టాలి. అది కూర్చునే ఇనప దిమ్మను పొద్దున్నే గ్యాస్ పొయ్యి మీద బాగా కాల్చాలి. దాంట్లో దీన్ని జారవిడిస్తే కుండలో గరిటె దిగినట్టు దిగుతుందట. వీడియోలో ఎవరో రెండు వేళ్ళతో దించేశాడు.

పాత బేరింగ్‌ని ముందురోజే సుత్తితో బాది ఊడగొట్టాడు. అది ఊడటమే అతని కొంప ముంచింది. ఊడింది కదా అని ధైర్యం వచ్చేసింది.

పొయ్యి మీద ఇనప దిమ్మ కాలుతోంది. పాత గ్రీజు కమురువాసనతో వంటిల్లంతా పొగ. రామకాంత్ చేతులకు పాత సాక్సులు తొడుక్కుని, "బిందూ, ఫ్రిజ్‌లోంచి బేరింగ్ పట్రా, తొందరగా!" అని కేకేశాడు.

"ఇదిగోనండీ" అని బిందుమాధవి ఆ క్షణమే అందించింది. అంత చప్పున అందినందుకైనా అనుమానించాల్సింది. సంబరంగా బేరింగ్‌ని దిమ్మలో పెట్టి నొక్కాడు. అది సగం దాకా దిగి, ఓ పక్కకు ఒరిగి, టక్కున ఆగింది. నొక్కాడు. కదల్లేదు. సుత్తి తీసుకుని బాదాడు. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు గానీ బేరింగ్ మాత్రం అటూ పోలేదు, ఇటూ రాలేదు.

"ఇది చల్లగా లేదేంటి?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"గడ్డకట్టుకుపోయి ఉంటే మీ చేతులు కొంకర్లు పోతాయని ఇందాకే తీశానండీ. చేతికి అందుబాటులో ఉంటుందని పొయ్యి పక్కనే పెట్టా."

రామకాంత్ సుత్తి కింద పెట్టేశాడు. ఏమనగలడు? తన మీద ప్రేమతో చేసిన పని. పైగా పెళ్ళికెళ్ళేటప్పుడు భార్యతో గొడవ పెట్టుకుంటే ఆ ప్రయాణం ఎలా ఉంటుందో అతనికి అనుభవమే.

ఇక దీనికి ప్రెస్ ఒక్కటే గతి. పైనుంచి టన్నుల బరువుతో నొక్కే యంత్రం. పేటలో లేత్ షాపులో ఒకటుంది. రాత్రంతా వీడియోలు చూపించిన ఫోన్ ఊపిరి వదిలేస్తే దాన్ని ఛార్జింగులో పెట్టి, ఇనప దిమ్మను ఎరువుల సంచిలో వేసుకుని, స్కూటర్ తీశాడు. "అక్క ఫోన్ చేస్తే బేరింగ్ మాట మాత్రం ఎత్తకు. బావ వింటే పెళ్ళిపందిట్లో నన్ను ఆడుకుంటాడు. ఇంకేదైనా చెప్పు" అని చెప్పి వెళ్ళాడు.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో శేషారత్నం నుంచి బిందుమాధవికి ఫోన్ రానే వచ్చింది.

"వాడేడమ్మా? బయల్దేరారా?"

"లేదు వదినా. ఆయన ప్రెస్సుకెళ్ళారు."

"ప్రెస్సుకా! ఇవాళా? ఎందుకే?"

బిందుమాధవికి అబద్ధం చెప్పటం చేతకాదు. మొగుడు వద్దన్న ఒక్క మాటా మింగేసి, మిగిలినదంతా నిజమే చెప్పింది. "ఎందుకో చెప్పొద్దన్నారు వదినా. ఇవాళ ఎట్టాగైనా సరే, లోపలికి పంపిగానీ వినుకొండ రానని పంతం పట్టారు. పైనుంచి గట్టిగా ఒత్తిడి పడితే లోపలికి పోవటం ఖాయమట. రాత్రంతా నిద్ర కూడా పోలేదు, ఇదే ధ్యాస. నేనెంత మొత్తుకున్నా వింటేగా!"

అవతల ఫోన్ స్పీకరులో ఉంది. పక్కనే త్రినాథ్ వంటవాళ్ళకు సామాను తూయించి ఇస్తున్నాడు. ఆ మాటలు విని అక్కడే బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. "చూశావా నీ తమ్ముడు! ఆ రోజన్నది ఊరికే అనలేదు. నన్ను జైల్లో వేయించాకగానీ పెళ్ళికి రాడట" అన్నాడు. శేషారత్నం మళ్ళీ ఫోన్ చేయబోతే చేతిలోంచి లాక్కున్నాడు. "బతిమాలితే ఇంకా రెచ్చిపోతాడు. వద్దు" అని, చొక్కా తొడుక్కుని ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఇదంతా రామకాంత్‌కు సాయంత్రం గానీ తెలియలేదు.

అతను లేత్ షాపు ముందు నిలబడి తాళం కప్పను చూస్తున్నాడు. మాఘమాసం. ఊరంతా పెళ్ళిళ్ళే. షాపు ఓనరు కూడా ఎవరికో మేనమామే అయి ఉంటాడు. గుంటూరు పోదామంటే పూట పోతుంది. దిక్కుతోచక హైవే మీదికి వచ్చేసరికి ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలు: జిన్నింగ్ అండ్ ప్రెస్సింగ్ మిల్లు. పత్తిలో గింజ తీసి, దూదిని నొక్కి బేళ్ళుగా, అంటే పెద్ద పెద్ద కట్టలుగా, బిగించే చోటు. లోపల ప్రెస్ దగ్గర ఫోర్‌మన్ అష్రఫ్, రామకాంత్‌తో పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. ఇంకేం కావాలి!

"ఏరా, నీ ప్రెస్ ఎంత బరువు నొక్కుద్ది?"

"ఎంతైనా నొక్కుద్ది! మంచమంత దూదిని పెట్టెంత చేసుద్ది. ఏంటి సంగతి?"

రామకాంత్ సంచి విప్పి చూపించాడు. బుద్ధున్నవాడైతే అక్కడే వద్దనేవాడు. కానీ అష్రఫ్‌కు తన యంత్రమంటే మహా గర్వం. "ఓస్, ఇంతేనా! ఈ బేలు కట్టు పడగానే ప్రెస్‌లో దూది పడే గది ఖాళీ చేసి, అడుగున పలక మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కుదాం. అప్పటిదాకా ఆ గట్టు మీద పెట్టు" అన్నాడు. రామకాంత్ దిమ్మను ప్రెస్ గది అంచు మీద పెట్టి, ఇద్దరూ టీ తాగడానికి గుమ్మం దాకా వెళ్ళారు. టీ తాగుతూ రామకాంత్ బుట్ట గురించి చెప్పాడు, ఆశ్రిత ఇప్పుడు కాస్త ఒళ్ళు చేసిందనీ, అయినా ఎత్తగలననీ చెప్పాడు. అష్రఫ్ అతని జబ్బ పట్టుకుని చూసి మెచ్చుకున్నాడు.

తిరిగొచ్చేసరికి గట్టు మీద దిమ్మ లేదు.

యంత్రం అదురుకు జారి ప్రెస్‌లో పడింది. దాని మీద దూది పడింది. దూది మీద ప్రెస్ పడింది. పనివాళ్ళు తమ పని తాము శ్రద్ధగా చేసుకుపోయారు. ఇనప పట్టీలు బిగించి, గుడ్డ చుట్టి, అప్పటికే మూడు బేళ్ళు దొర్లించి గోడ వారన నిలబెట్టారు. మూడూ ఒకేలా ఉన్నాయి.

"దేంట్లో ఉందిరా?" అన్నాడు రామకాంత్.

"మూడింట్లో ఒకదాంట్లో" అన్నాడు అష్రఫ్. అతని మొహం పాలిపోయింది. దూదిలో ఇనప ముక్క ఉండిపోతే రేపు నూలు మిల్లులో రవ్వ లేచి గోదామంతా తగలబడుతుంది. ఆ మాట మేనేజరు చెవిన పడింది. ఆయన వచ్చి ఇద్దర్నీ పట్టుకుని దులిపాడు. "మీరు చదువు చెప్పే మనిషేనా? ఇది దూది ప్రెస్సో, మీ కారు షెడ్డో తెలీదా? బయట లోడింగుకు లారీ వచ్చి నిలబడింది!" అని అరిచాడు. రామకాంత్ చేతులు కట్టుకుని అన్నీ పడ్డాడు.

మొదటి బేలు పట్టీలు కత్తిరించారు. అంతసేపూ అణిగి ఉన్న దూది ఒక్కసారిగా ఉబ్బి, మనుషుల్ని తోసుకుంటూ మోకాళ్ళ దాకా పరుచుకుంది. అందులో దిమ్మ లేదు. రెండోది కోశారు. అందులోనూ లేదు. రామకాంత్ దూదిలో బోర్లా పడి వెతుకుతూనే ఉన్నాడు. ముక్కులో దూది, చెవుల్లో దూది, కనుబొమల మీద దూది. బయట ఎండ తగ్గుతోంది. ఈపాటికి ఆశ్రితను ముస్తాబు చేస్తుంటారు, మామయ్య ఏడని అడుగుతూ ఉంటుంది. ఆ ఆలోచన రాగానే అతనికి ఏడుపు వచ్చింది. ఎవరి కోసం చేశాడీ పని? బావ ఒక్క మాట నవ్వులాటకు అంటే పడలేక! చప్పుడైతే కానీలే అని పొద్దున్నే బయల్దేరి ఉంటే ఈపాటికి ఆ పిల్ల పక్కన ఉండేవాడు.

మూడో బేలులో దొరికింది. రామకాంత్ ఆత్రంగా దూది తుడిచి చూశాడు. బేరింగ్ ఎంత దిగి ఆగిందో అంతే ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. దాని సందుల్లోకి మాత్రం దూది బాగా ఎక్కింది.

రామకాంత్ అష్రఫ్ ఫోన్ అడిగి తీసుకుని అక్కకు చేశాడు. ఎత్తలేదు. బావకు చేశాడు. ఎత్తలేదు. బిందుమాధవికి చేశాడు. ఆవిడ తెలియని నంబరైతే చచ్చినా ఎత్తదు. పైగా ఆవిడ మధ్యాహ్నం దాకా చూసి, విసిగి, పట్టుచీరతో బస్సెక్కి ఎప్పుడో వినుకొండ చేరింది. మండపంలో ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు. మొగుడు ఆలస్యం చేసినందుకే ఈ కోపాలనుకుని, "ఆయన ప్రెస్సులో పని అవగానే వచ్చేస్తారు, ఏమీ అనుకోకండి" అని దొరికినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగింది.

"ఎక్కరా బండి" అన్నాడు అష్రఫ్. నరసరావుపేట దాటి, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ, అష్రఫ్ మోటారుసైకిలు మీద రామకాంత్ కల్యాణమండపం ముందు దిగేసరికి సన్నాయీ డోలూ ఒక్కసారిగా గట్టిగా వాయిస్తున్నారు. గట్టిమేళం అంటే ఏమిటో అతనికి తెలుసు. అయినా పరుగెత్తాడు.

గుమ్మంలోనే శేషారత్నం ఎదురైంది. నెత్తి మీద నుంచి కాళ్ళ దాకా దూదితో నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అయిందా నీ పని?" అంది.

"లేదక్కా. సగంలోనే ఇరుక్కుపోయింది."

"లోపలికి పంపలేదన్నమాట!"

"ఎంత ఒత్తిడి పెట్టినా పోలేదే."

"నా పసుపుకుంకాలు నీకేం అన్యాయం చేశాయిరా?" అని శేషారత్నం కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది. బేరింగ్‌కీ పసుపుకుంకాలకీ సంబంధమేమిటో రామకాంత్‌కు అంతుపట్టలేదు. అక్కకు పెళ్ళి అలసట అనుకున్నాడు.

వేదిక మీద అక్షింతలు పడుతున్నాయి. ఆశ్రిత తల వంచి కూర్చుని ఉంది. పక్కన బుట్ట ఖాళీగా ఉంది. దాన్ని ఎత్తి తెచ్చింది బాపయ్యట, శేషారత్నానికి పెదనాన్న కొడుకు, వరసకు మేనమామే. నడుం పట్టేసి ఆయన ఓ కుర్చీలో మూలుగుతున్నాడు. రామకాంత్ ఆ మూలుగు విని కూడా కుళ్ళుకున్నాడు. ఆ నొప్పి తనది కావాల్సింది.

ఇంతలో ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. త్రినాథ్. లాక్కెళ్ళినట్టు చేతులు కడుక్కునే కుళాయిల వెనక్కి తీసుకెళ్ళాడు. కొడతాడేమోనని రామకాంత్ కళ్ళు మూసుకున్నాడు. త్రినాథ్ గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నా కళ్ళు తెరిపించావురా! నువ్వు ప్రెస్సుకెళ్ళావని వినగానే ముందు భయమేసింది. నువ్వు చెప్పేలోపు నేనే చెప్పేద్దామని విడిదికెళ్ళి వియ్యంకుడు లక్ష్మీనరసింహం గారి ముందు నిలబడ్డా. 'ఆ విత్తనానికి కాయ పట్టదని మధ్యలోనే తెలిసింది నాకు, అయినా మిగిలిన సరుకు అమ్మేశానండీ' అన్నా. ఆయన ఏమన్నారో తెలుసా? 'ఇంత నిజాయితీపరుడి పిల్ల మా ఇంటికి రావటం మా అదృష్టం బావగారూ' అన్నారు. ఆ ఊపులో భోజనాల దగ్గర పెళ్ళికొచ్చిన రైతులందరి ముందూ ఒప్పుకున్నా. ఎవరి చేలో కాయ పట్టలేదో వాళ్ళకు ఈసారి విత్తనం ఊరికే ఇస్తానన్నా. చప్పట్లు కొట్టార్రా! అంతా నీ వల్లే!"

రామకాంత్‌కు పొద్దుటి నుంచీ జరిగింది ఒక్కొక్కటే బోధపడింది. నోరు మూసుకుని ఊరుకోవచ్చు. కానీ ఇన్నాళ్ళూ మనసులో మెసులుతున్న ఆ మాట అనకుండా ఉండలేకపోయాడు.

"బావా, ఆ రోజు నేనలా అని ఉండకూడదు. తప్పయిపోయింది. నేనసలు పేపరు వాళ్ళ దగ్గరికి వెళ్ళనే లేదు. కారు బేరింగ్ ఇరుక్కుపోతే నొక్కించుకుందామని దూది ప్రెస్సుకెళ్ళాను. లోపలికి పంపాలనుకుంది దాన్ని, నిన్ను కాదు."

త్రినాథ్ కౌగిలి మెల్లగా వదులైంది. అతను కాసేపు కుళాయి వంక చూశాడు. కట్టేసి ఉన్న దాన్ని ఇంకోసారి కట్టేశాడు.

"బేరింగా?"

"అవును బావా."

"ఆ ముక్క పొద్దున్నే చెప్పడానికి మీ ఇంట్లో ఎవరికీ నోరు రాలేదా?"

"నువ్వు నవ్వుతావని చెప్పొద్దన్నా."

త్రినాథ్ నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. ఇప్పుడే వెళ్ళి అక్కకు చెబుతా. పాపం, ఏడుస్తోంది..."

"చంపుతా!" అని త్రినాథ్ అతని చొక్కా పట్టుకున్నాడు. "ప్రెస్సుకు భయపడి చెప్పానంటే మర్యాదగా ఉంటుంది. బేరింగ్‌కు భయపడి విత్తనాలు పంచానని తెలిస్తే ఈ పల్నాట్లో తలెత్తుకు తిరగ్గలనా? నువ్వు ప్రెస్సుకెళ్ళావు. ఆఖరి నిమిషంలో మనసు మారి వచ్చావు. అంతే."

"మరి అందరూ నన్ను తిట్టుకోరా బావా?"

"తిట్టుకుంటారు. తిట్టుకోనీ."

"కనీసం ఆ రోజన్న మాటైనా వెనక్కి తీసుకోనీ."

"తీసుకుంటే నేనేమైపోవాలి? ఆ మాట అలాగే ఉండనీ" అని త్రినాథ్ అతని భుజం మీద దూది దులిపి, లక్ష్మీనరసింహం గారు పిలుస్తుంటే చిరునవ్వు తొడుక్కుని వెళ్ళాడు.

ఆ సాయంత్రం రామకాంత్ కూర్చున్న వరసలో పక్క కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. అష్రఫ్‌కు మాత్రం పప్పూ నెయ్యీ కొసరి కొసరి వడ్డించారు. బిందుమాధవి వచ్చి, "వీళ్ళంతా మనల్ని అలా చూస్తారేంటండీ?" అని అడిగింది. ఇంటికెళ్ళాక చెబుతానన్నాడు. అప్పగింతల ముందు ఆశ్రిత కాళ్ళకు దండం పెట్టడానికి వచ్చింది.

"నువ్వొస్తావని బుట్టలో చాలాసేపు కూర్చున్నా మామయ్యా. ఎవర్నీ ఎత్తనివ్వలేదు. పంతులుగారు కేకలేస్తే ఇక తప్పలేదు" అంది. ఆ పిల్ల మర్చిపోలేదన్నమాట. దెప్పటానికి అన్నది కాదు, జరిగింది చెప్పింది, అంతే. రామకాంత్‌కు నిజం నాలుక చివరి దాకా వచ్చింది. వెనకాల త్రినాథ్ నిలబడి ఉన్నాడు. రామకాంత్ అక్షింతలు వేసి, "చల్లగా ఉండమ్మా" అని మాత్రం అన్నాడు.

అతను కళ్ళు తుడుచుకోవడం చూసి, ఓ మూల కుర్చీలో కూర్చున్న మేనత్త సుబ్బరావమ్మ ఒక్కతే జాలిపడింది. ఆవిడకు చెవుడు, పొద్దుటి గొడవలేవీ వినపడలేదు.

"ఏడవకురా అబ్బాయ్. ఈ పెళ్ళికి కాకపోతే త్రినాథ్ రెండో కూతురి పెళ్ళికి ఎత్తుదువుగాని" అంది.

త్రినాథ్‌కు ఒక్కతే కూతురు.